మూత తీయగానే

జూన్ 9, సోమవారం

పాత పుస్తకం నిన్నటితో నిండింది. కొత్త పుస్తకం మొదటి పేజీలో పేరు, పని రాసుకోవడం నా అలవాటు. పేరు సైదయ్య. సూర్యాపేట పాల శీతలీకరణ కేంద్రంలో ఇరవై ఆరేళ్లుగా పని. ఊళ్ల నుంచి వ్యాన్లు వచ్చి ఆగే సిమెంటు అరుగును మేము డాక్ అంటాం. అక్కడ నిలబడి పాల క్యాన్ల మూత తీసి వాసన చూస్తాను. మంచివి ట్యాంకులోకి పోతాయి, పులిసినవి పక్కకు. నా బడి ఐదో తరగతితో ఆగింది. మిగతా చదువంతా బస్సుల బోర్డుల మీద, పొట్లం కాగితాల మీద. రోజూ ఎన్ని క్యాన్లు వచ్చాయి, ఎన్ని తిప్పి పంపాను, ఎవరు ఎలా పనిచేశారు, ఇవి రాసుకోకపోతే నాకు అన్నం సహించదు.

ఈ రోజు నూట ఎనభై రెండు క్యాన్లు. తిప్పి పంపినవి మూడు.

కొత్తవాళ్లు ఇద్దరు చేరారు. మే ఆఖరులో ఎండలకు రెండు ట్యాంకుల పాలు పులిసిపోయాక మేనేజరు ప్రశాంత్ గారు నాకు సాయంగా పంపారు. మూడు నెలలు చూసి ఇద్దరిలో ఒకరినే ఉంచుతారు. ఎవరినన్నది నేను రాసిచ్చే కాగితం మీద ఉంటుంది.

రాహుల్. డిగ్రీ చదివాడు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను. రాగానే నమస్తే సార్ అన్నాడు.

సాలి. తుంగతుర్తి వైపు ఏదో తండా. ముప్ఫై ఏళ్లుంటాయి. తలలో జానెడు మల్లెపూల దండ. వాసన డాకంతా గుప్పుమంది. పాల దగ్గరికి పూలు, అత్తరు, బీడీ రాకూడదని పసిపిల్లలకు కూడా తెలుసు. తీసెయ్యమన్నాను. నా మొహం వైపు కాసేపు అలాగే చూసింది. తర్వాత తీసి సంచిలో పెట్టుకుంది. రాహుల్ ఏదో అనబోయి ఆగాడు.

పాలను మూత తీయగానే పట్టాలి. మొదటిసారి పీల్చినప్పుడే పాలు నిజం చెబుతాయి. రెండోసారికి ముక్కు అలవాటు పడిపోతుంది, ఇక అన్నీ ఒకేలా ఉంటాయి. ఇది నాకు ఎవరూ నేర్పలేదు. ఇన్నేళ్లయినా తలచుకుంటే ఆశ్చర్యంగానే ఉంటుంది. మనుషులూ అంతే.

రాహుల్: పనిమంతుడు.
సాలి: పనికి రాదు.

మే నెల జ్వరంతో వచ్చిన జలుబు ఇంకా పోలేదు.

జూన్ 10, మంగళవారం

నేను చూసి పంపిన క్యాన్ల మూతలు సాలి మళ్ళీ తీస్తోంది. ఎందుకని అడిగితే, "మూత సక్కగ పడలే సార్" అంది. మూత సరిగ్గా పడిందో లేదో చూడటానికి మూతంతా తీయాలా? తొమ్మిదికి అయ్యే పని తొమ్మిదింబావు అయింది.

జూన్ 12, గురువారం

సాలికి వారం సెలవు గురువారం ఇచ్చాను. డాక్ హాయిగా ఉంది. తొమ్మిదికి ముందే పని అయిపోయింది.

జూన్ 13

మిర్యాలగూడ పెద్ద డెయిరీ నుంచి ఫోను. మేము నిన్న పంపిన ట్యాంకరు పాలు పులిసి ఉన్నాయట. ఎండలు ఇంకా తగ్గలేదు.

జూన్ 16, సోమవారం

తిప్పి పంపే వరసలో నేను పెట్టని క్యాన్లు రెండు కనిపించాయి. రాహుల్ ఆ పాలను ల్యాబులో గాజు గొట్టంలో పోసి మంట మీద కాచాడు. రెండూ విరిగాయి. జాగ్రత్త అంటే ఇది. శభాష్ అన్నాను. "సార్, గవి..." అని నసిగాడు. పొగిడితే సిగ్గుపడే మనిషి.

సాలి కూడా ఒక క్యాను పక్కకు లాగింది. నేను పంపినదాన్ని ఆమె ఆపడమేమిటి? చేరి వారమే, అప్పుడే పెత్తనం.

జూన్ 20

ఫోను. నిన్నటి ట్యాంకరు.

జూన్ 24, మంగళవారం

క్యాన్ల మధ్య ఇద్దరూ కబుర్లు.

"రాహులూ, ఇటు రా. గీ పాలల్ల మామిడితొక్కలు మేసిన బర్రె ఉన్నది."

"అక్కా, నువ్వు మనిషివేనా? తొక్కల సంగతి పాలు చెప్తయా?"

"గిది సూడు, వానకు నానిన గడ్డి. గా నీలంపట్టీ క్యాన్ల మొన్ననే ఈనిన బర్రె. నీకు వస్తలేదా?"

"నాకు పాల వాసన వస్తది. గంతే."

పనివేళ ఇకఇకలు. అయినా ఊరికే వ్యాను డ్రైవరు ఫకీరాను అడిగాను, ఆ ఊళ్లో బర్రెలు ఏం మేస్తున్నాయని. "తోటల కాడ మాగిన కాయలు పారబోస్తున్నరు సార్, బర్లన్ని గాడనే" అన్నాడు.

ఆ క్యాను దగ్గర చాలాసేపు నిలబడ్డాను. పాలు తెల్లగా, నిశ్చలంగా ఉన్నాయి.

ఆమె కూడా ఫకీరాను ముందే అడిగి ఉంటుంది.

జూన్ 27

రాహుల్ ఇరవై నిమిషాలు ఆలస్యం. బస్సు దొరకలేదట, పాపం.

జూన్ 28

సాలి పావుగంట ఆలస్యం. వీళ్లకు టైము విలువ తెలియదు.

జూలై 4

ఫోను. మూడుసార్లూ గురువారం నాటి ట్యాంకరే. గురువారం నాకు అచ్చిరావడం లేదు. ఇంట్లో గోపమ్మతో అంటే "ఒక్కపొద్దు ఉండరాదు" అంది. ఉంటాను.

జూలై 8, మంగళవారం

పొద్దున గోపమ్మ పొయ్యి మీద పాలు పెట్టి నల్లా దగ్గరికి పోయింది. నేను పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని ఉన్నాను. ఆమె గడపలో అడుగు పెడుతూనే కేక వేసింది.

"పాలు మాడి ఇల్లంత కంపు లేసింది! పక్కనే కూసున్నవ్, ముక్కు యాడ పెట్టినవయ్యా?"

"పేపరు చదువుతున్న."

"పేపరు కండ్లతోటి సదువుతరు."

జలుబు. నీలగిరి తైలం సీసా కొన్నాను. మూత తీసి గట్టిగా పీల్చాను. కొట్టువాడు పాత సరుకు ఇచ్చాడు. ఘాటే లేదు.

జూలై 10

గురువారం. ఒక్కపొద్దు ఉన్నాను. అనుమానంగా అనిపించి పదకొండు క్యాన్లు తిప్పి పంపాను. ఫోను రాకపోతే చాలు.

జూలై 12

రాహుల్ ఈ రోజు ఎక్కువ మాట్లాడలేదు. ధ్యాసంతా పని మీదే. సాలి కూడా మాట్లాడలేదు. పొగరు.

జూలై 15, మంగళవారం

ప్రశాంత్ గారు వచ్చారు. కోదాడ మనిషి, మెత్తగా మాట్లాడతారు.

"ఏవండీ సైదయ్య గారూ, నెల దాటిందిగా. ఎవర్ని ఉంచుదామంటారు?"

"రాహుల్ నయం సార్."

"మరి ఆవిడో?"

"నిదానం. మూతల కాడనే పొద్దుపోతది. నియమం తెల్వదు. మొదటి రోజే పూలు పెట్టుకొని వచ్చింది."

"సర్లెండి. గురువారాలు మాత్రం ఏదో తేడా కొడుతోంది, కాస్త చూసుకోండి. మిమ్మల్ని అనేదేముందిలెండి. ఈ సెంటరు నడిచేదే మీ ముక్కు మీద."

ఆయన కారు పోయాక రాహుల్ వచ్చి నిలబడ్డాడు. "సార్, సాలక్క ఇద్దరు బిడ్డలను ఈడ బడిల ఏసింది. రూం కిరాయికి పట్టింది. నౌకరి పోతే మళ్ళ తండాకే సార్. పెద్దపిల్ల ఏడో తరగతి. తండా కాడ బడి ఐదుతోనే ఖతం."

నాకూ ఐదుతోనే ఖతం. అది అతనికి తెలియదు.

అందరికీ ఏదో ఒక ఇబ్బంది ఉంటుంది. కాగితం మీద పని గురించే రాయాలి.

జూలై 22, మంగళవారం

తుంగతుర్తి రూటులో ఒక ఊళ్లో పాలు పోయించుకునే బుచ్చమ్మ, నేను తిప్పి పంపిన మూడు క్యాన్లను పట్టుకుని అదే వ్యానులో మళ్ళీ దిగింది. కొంగు నడుముకు చుట్టి ఉంది.

"ఎవలు తిప్పి పంపిండ్రు మా పాలు?"

"నేనే."

"ఇరిగినయా?"

"మీ ఊరి పాలు ఎప్పుడూ గంతే."

"ఎప్పుడంటె ఎప్పుడు? పదేండ్ల కింద ఒక్కనాడు ఇరిగినయ్. గది ఇంకా పట్టుకోని ఉన్నవా? నా మొగడు సచ్చి ఆరేండ్లాయె, ఆయన్నే మర్శిన. నువ్వు మా పాలను మర్శిపోతలేవు!"

డ్రైవర్లు పడీపడీ నవ్వారు. సాలి మెల్లగా, "కాసి సూద్దాం సార్" అంది. అందరూ చూస్తున్నారు, కాదనలేకపోయాను. మూడూ కాచారు. మూడూ చక్కగా పొంగాయి.

"మూత తియ్యకముందె ఊరి పేరు సూసి ఖరారు చేస్తవా ఏంది?" అని బుచ్చమ్మ వెళ్ళిపోయింది.

ఎంత ముక్కుకైనా ఒకసారి తప్పు పడుతుంది. జలుబు ఉండనే ఉంది.

జూలై 25

ఫోను. నిన్న గురువారం. ఒక్కపొద్దు పనిచేయలేదు.

ఆగస్టు 5, మంగళవారం

రాహుల్ ఏదో చెప్పాలన్నాడు. "సాలక్క ముచ్చట సార్." పని గురించైతేనే చెప్పమన్నాను. "పని గురించే." అంతలో వ్యాను వచ్చింది.

తర్వాత నేను అడగలేదు.

ఆగస్టు 18, సోమవారం

సాలికి రెండు రోజులు సెలవు. తండాలో తీజ్ పండుగట. పెద్దమ్మాయి మొలకల బుట్ట పెట్టిందట. ఇచ్చాను.

మూతల గొడవ లేదు. ఎనిమిదీ ముప్పావుకే పని అయిపోయింది.

ఆగస్టు 19, మంగళవారం

ఫోను. నిన్నటి ట్యాంకరు.

నిన్న సోమవారం.

ఆగస్టు 20, బుధవారం

పొద్దున్నే ఫోను. నిన్నటిది కూడా పోయింది. నిన్న మంగళవారం.

సాలి పండుగ నుంచి వచ్చింది. నాకు, రాహుల్‌కు బెల్లం కలిపిన పిండి పొట్లం కట్టి తెచ్చింది. ఎప్పటిలాగే మూతలు తీసింది. తీస్తూ ఉంటే చూశాను. మూత ఎత్తుతుంది, తల కొంచెం వంచుతుంది, మూత వేస్తుంది. మూతను చూడటం లేదు. ఒక్కసారి కూడా మూతను చూడలేదు.

మధ్యాహ్నం డాక్ కడిగాక అందరూ తిండికి వెళ్ళారు. ఈ పుస్తకం మొదటి పేజీ నుంచి చదివాను. నాకు రాయడమే అలవాటు, చదవడం కాదు. పాత పుస్తకాలు ట్రంకు పెట్టెలో ఇరవైకి పైగా ఉన్నాయి. ఒక్కటీ తిరిగి తెరవలేదు.

జూన్ 12, 19. జూలై 3, 24. ఇప్పుడు ఆగస్టు 18, 19. పాలు పోయిన రోజులు ఇవి. గురువారాలకు ఏ పాపమూ లేదు. ఆరు రోజులూ సాలి లేని రోజులే. నా చేత్తో నేనే రాసుకున్నాను, డాక్ హాయిగా ఉందని, మూతల గొడవ లేదని. సాక్ష్యమంతా నా దస్తూరీలోనే ఉంది. చూడనివాణ్ణి నేనొక్కణ్ణే.

ఇంకా చదివాను. రాహుల్ క్యాను ఆపితే జాగ్రత్త, సాలి ఆపితే పెత్తనం. రాహుల్ ఆలస్యమైతే బస్సు, సాలి ఆలస్యమైతే వీళ్లకు టైము విలువ తెలియదు. అతను మాట్లాడకపోతే ధ్యాస, ఆమె మాట్లాడకపోతే పొగరు. జూన్ తొమ్మిదిన రాసిన ఆ రెండు ముక్కలనే డెబ్బై రోజులుగా మళ్ళీ మళ్ళీ రాస్తూ వచ్చాను, ఏ రోజుకారోజు కొత్తగా చూసి రాస్తున్నాననుకుంటూ. "వీళ్లకు" అన్న మాట దగ్గర చాలాసేపు ఆగాను. ఎవరికి?

నేను అబద్ధం రాయను. ఇన్నేళ్లలో ఒక్క అంకె దిద్దలేదు. దిద్దని చేయి ఇంత అబద్ధం ఎలా రాసింది? నా చేతిని పరాయివాడి చేతిలా చూసుకున్నాను.

ఇంటికి పోయి పూజ గూట్లో కర్పూరం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తర్వాత కిరోసిన్ డబ్బా. తర్వాత వెల్లుల్లి నలిపి. గోపమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఎన్నాళ్ల సంది?" అంది.

"మే జ్వరం సంది."

"నాకు ఎరుకే. కూరకు వంక పెట్టుడు మానినవ్. మాడిన పులుసు పోస్తె బాగుందని రెండుసార్లు పోయించుకున్నవ్. నువ్వే చెప్తవని సూశిన."

జలుబు కాదు. జలుబు ఎప్పుడూ లేదు.

ఆగస్టు 21, గురువారం

సాలి సెలవు. నేను ఒక్క క్యాను కూడా వాసన చూడలేదు. ప్రతి క్యానులోంచి పాలు తీసి కాచమని రాహుల్‌కు చెప్పాను. వ్యాన్లు రోడ్డు దాకా బారు కట్టాయి. ఫకీరా హారన్ మీద చెయ్యి పెట్టి తీయలేదు. "ఏమైంది సార్, ఇయ్యాల పరీక్షలా?" అని అందరూ అరిచారు. పదకొండున్నర అయింది. నాలుగు క్యాన్లు విరిగాయి. నాలుగూ తిప్పి పంపాం.

పని అయ్యాక రాహుల్‌ను కూర్చోబెట్టి, ఆ రోజు చెప్పబోయింది చెప్పమన్నాను.

"మీరు శభాష్ అన్నరు సూడుండ్రి, గా క్యాన్లు నేను పక్కకు పెట్టలే సార్. సాలక్క పెట్టింది. రోజూ ఆమెనే. మీకు చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నది."

"నువ్వెందుకు ఊకున్నవ్?"

తల వంచుకున్నాడు. "మొదటిసారి చెప్పబోయిన సార్. తర్వాత... మీరు శభాష్ అంటుంటె మంచిగనిపించింది."

కోపం రాలేదు. ఇరవై ఆరేళ్లు నాకూ మంచిగానే అనిపించింది.

ఆగస్టు 23, శనివారం

ఈ రోజు జరిగింది సరిగ్గా రాయగలనో లేదో.

ఉదయం మొదటి వ్యాను రాగానే పక్కకు జరిగి, సాలిని నా చోట నిలబడమన్నాను. క్యాన్లను ఊరి పేర్లు కనిపించకుండా అటు తిప్పి పెట్టించాను. నేను రిజిస్టరు పట్టుకుని స్టూలు మీద కూర్చున్నాను. ఆమె నావైపు చూసింది. నేను తల ఊపాను. చేతులు కడుక్కుని, చీరకొంగుకు కాకుండా గాలికి ఆరబెట్టుకుంది. అది కూడా నేను ఇప్పుడే చూశాను. కొంగుకు తుడుచుకుంటే బట్టల సబ్బు వాసన అంటుతుంది.

మొదటి మూత ఎత్తింది. "మంచియి." రెండోది. "మంచియి. పత్తిగింజల చెక్క పెడుతున్నరు." మూడోది. "ఇందుల రెండిండ్ల పాలున్నయ్ సార్. ఒకరిది రాతిరి పాలు. ఇంకా పులవలే, గంట ఆగితే పులుస్తయ్. ముందుగాల చల్లగ చెయ్యాలె." నాలుగు, అయిదు మంచివి. ఆరో మూత సగం ఎత్తి అక్కడే దించేసింది. "ఇది పోయింది." ఏడో దాని దగ్గర నవ్వింది. "ఈ బర్రెకు వేపకొమ్మ దొరికింది."

రాహుల్ ఆరోది కాచాడు. విరిగింది. మూడోదాన్ని ఎండలో పక్కన పెట్టి గంట తర్వాత కాచమన్నాను. విరిగింది. గడియారం చూసుకున్నాను. గంటా అయిదు నిమిషాలు.

నూట డెబ్బై ఆరు క్యాన్లు. ఒక్కో మూత ఎత్తినప్పుడల్లా ఆమె ఒక ఊరిని లోపలికి పిలిచినట్టు ఉంది. తడిసిన గడ్డి, చెక్క, పొగ వేసిన కొట్టం, కొత్తగా ఈనిన బర్రె. నేను స్టూలు మీద కూర్చుని వింటూ రాసుకున్నాను. చివరికి ఏమీ రాయకుండా విన్నాను. ఒకప్పుడు నాకు మంచి పాలు, చెడ్డ పాలు తెలిసేవి. అదే పెద్ద విద్య అనుకున్నాను. పాల లోపల ఇంత లోకం ఉందని నా ముక్కు బాగున్న రోజుల్లో కూడా నాకు తెలియదు. ఇంత లోకం చూసే మనిషి డెబ్బై రోజులు నా పక్కన నిలబడి, మూత సక్కగ పడలే సార్ అని మాత్రమే అంది.

పని అయ్యాక అడిగాను.

"నాకు వాసన తెలుస్తలేదని నీకు ఎప్పుడు ఎరుకైంది?"

"మొదటి రోజే సార్."

"మొదటి రోజే? ఎట్ల?"

"ఎట్లనో ఎరుకైంది. పోనియ్యుండ్రి."

"మరి పై వాళ్లకు ఎందుకు చెప్పలే? చెప్తే నీ నౌకరి ఖాయమయ్యేది."

క్యాను మూతలు ఒకదాని మీద ఒకటి పేరుస్తూ, నావైపు చూడకుండా అంది. "నౌకరి లేకుంటె ఇల్లు ఎట్లుంటదో నాకు ఎరుకే సార్. మా ఆయన ఆటో తోలుడు బందువెట్టినప్పుడు సూశిన. ఈ పాలు పోతే ఊళ్లోళ్లయి పోతయ్, మీరు పోతే మీ ఇంట్ల పోతది. మూతలు తీసుడు ఏం బరువు?"

"నేను నీ మీద మేనేజరు సార్‌కు చెడ్డగ చెప్పిన."

"రాహుల్ చెప్పిండు."

"తెలిసి కూడ తీసినవా?"

"తియ్యకుంటె పాలు పోతయ్ కద సార్."

అంత మామూలుగా అంది.

సెప్టెంబరు 3, బుధవారం

ప్రశాంత్ గారికి కాగితం రాశాను. నాలుగుసార్లు రాసి చింపాను. చివరికి ఈ పుస్తకంలోంచే కొన్ని రోజులు ఉన్నవి ఉన్నట్టు ఎత్తి రాశాను, రాహుల్ గురించి రాసింది ఒక పక్క, సాలి గురించి రాసింది ఇంకో పక్క. ట్యాంకర్లు పోయిన తేదీలు, సాలి సెలవు తేదీలు కింద రాశాను. ఆఖరున: "మే నెల నుంచి నాకు వాసన తెలియదు. ఈ సంగతి దాచాను. పోయిన పాలకు బాధ్యుణ్ణి నేను. సాలి మీద ఇంతకుముందు చెప్పినదంతా తప్పు. డాక్ మీద నిలబడవలసింది ఆమె." సంతకం పెట్టాను.

గోపమ్మకు చదివి వినిపించాను. విని, "గిన్ని మాటలు నువ్వు మాట్లాడంగ ఎన్నడు ఇనలేదు" అంది.

సెప్టెంబరు 5

జవాబు లేదు.

సెప్టెంబరు 6

లేదు. ఏ పని దొరుకుతుందో ఆలోచించాను. ముక్కు అవసరం లేని పనులు లోకంలో చాలానే ఉన్నాయి.

సెప్టెంబరు 8, సోమవారం

ప్రశాంత్ గారు స్వయంగా వచ్చారు. నా కాగితం చేతిలో ఉంది.

"ఇట్టాంటి రిపోర్టు నేనెప్పుడూ చూళ్ళేదండీ. ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదుగా?"

"అవును సార్."

"పై వాళ్లతో నానా మాటలూ పడ్డాననుకోండి." కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. "కోదాడ సెంటర్లో కొత్త మిషను పెట్టాం. పాలు పరీక్ష చేసేది అదే, అది చెప్పింది తప్పు లేకుండా రాసే మనిషి కావాలి. వస్తారా?"

వస్తానన్నాను. సాలికి ఈ డాక్ ఖాయం. రాహుల్‌కు మిర్యాలగూడ ల్యాబులో ఇంకో మూడు నెలలు. ఈసారి అతన్ని చూసేది వేరేవాళ్లు. నా మాట వాళ్లకు చేరవేయవద్దని ప్రశాంత్ గారిని అడిగాను, మంచిదైనా సరే.

ఆయన వెళ్ళాక తాళంచెవులు సాలికి ఇవ్వడానికి డాక్ మీదికి వెళ్ళాను. తలలో పూలు ఉన్నాయి. జానెడు దండ, తెల్లగా. ఖాయమైన సంతోషంలో పెట్టుకుని ఉంటుంది.

"ఇప్పుడు నువ్వే పెద్దవు," అన్నాను. "పాల కాడ పూలు పెట్టుకోవద్దని నీకు చెప్పేటోడు ఇగ ఎవడు లేడు. అయినా చెప్తున్న."

రాహుల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. సాలి నవ్వు ఆపుకుంటూ దండ తీసి నా చేతిలో పెట్టింది.

"ఆ రోజు పెట్టుకున్నది గిదే సార్. మా పెద్దపిల్ల కుట్టింది. మొదటి దినం నౌకరికి బోడితలతోటి పోవద్దమ్మ, పాల కాడికి నిజం పూలు పనికి రావు గద అని."

వేళ్లతో తాకి చూశాను. గుడ్డపూలు. ఒక్కో రేకూ కత్తిరించి, తెల్లదారంతో కుట్టి ఉంది.

"మీరు వాసన గుప్పుమంటున్నది, తియ్యి అన్నరు" అంది సాలి. "గప్పుడే ఎరుకైంది."

ఇంటికి వచ్చి మొదటి పేజీ తీశాను. "మల్లెపూల దండ. వాసన డాకంతా గుప్పుమంది." ఆ వాసన నాకు నిజంగానే వచ్చింది. ఇప్పటికీ గుర్తుంది. ఆ పేజీని కొట్టెయ్యలేదు. ఒక్క అక్షరం దిద్దలేదు.

డాక్ మీద జరిగింది ఇంకొక్కటి రాయాలి. దండ తిరిగి ఇచ్చే ముందు ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చాను. తర్వాత సాలి అందుకుని తనూ పీల్చింది. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఈ మూడు నెలల్లో ఈ గుడ్డపూల వాసన ఒక్కటే మా ఇద్దరికీ ఒకేలా తెలిసింది.